కొత్త ఎడిటర్లో కుక్కను నడిపించిన వారం

మా ఆఫీసు లిఫ్టులో లోపల బటన్లు లేవు. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. బయట గోడకున్న చిన్న తెర మీద మనకు కావలసిన అంతస్తు నొక్కితే, అది ఒక క్షణం ఆలోచించి ఫలానా లిఫ్టు ఎక్కమని చెబుతుంది. ఎక్కాక ఇక మన చేతుల్లో ఏమీ ఉండదు. మధ్యలో మనసు మార్చుకునే వీలు లేదు. పొరపాటున పక్క లిఫ్టు ఎక్కితే అది మనల్ని ఎరగనట్టే తన దారిన తాను పోతుంది. ఈ టవర్‌లోకి మారి చాలాకాలమైనా, లోపల అడుగుపెట్టగానే నా కుడిచెయ్యి ఇప్పటికీ బటన్లు ఉండాల్సిన చోటికి వెళ్తుంది. అక్కడ నున్నటి స్టీలు తగులుతుంది. చెయ్యి ఊరికే వెనక్కి తెచ్చుకోవడం బాగుండదు కనుక జుట్టు సర్దుకుంటాను. ప్రతి ట్రిప్పులోనూ ఇంకో ఇద్దరు ముగ్గురు జుట్టు సర్దుకుంటూ కనిపిస్తారు. మా టవర్‌లో పనెలా ఉన్నా, తలలు మాత్రం చక్కగా ఉంటాయి.

ఒక సోమవారం ఉదయం అలాగే తల సర్దుకుని సీటు దగ్గరికి వెళ్లేసరికి మెయిల్ వచ్చి ఉంది. మేం కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటాం. ఇన్నేళ్లుగా వాడుతున్న ఎడిటర్ శుక్రవారం సాయంత్రంతో ఆగిపోతుందనీ, ఈలోగా అందరూ కొత్తదానికి మారాలనీ, మార్పును ఆస్వాదించాలనీ ఆ మెయిల్ సారాంశం. మొదటి రెండూ ఆదేశాలు. మూడోది కూడా ఆదేశమే అనుకుంటాను.

నా చేతిలో ఆ వారం ఉన్న పని ఒక్కటే. ఎక్కడో విదేశంలో ఒక లాండ్రీ కంపెనీకి మేం ఒక యాప్ నడుపుతున్నాం. బట్టలు ఉతికి ఇస్త్రీ అయ్యాక "మీ బట్టలు సిద్ధంగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి" అని ఖాతాదారుకు మెసేజ్ వెళ్తుంది. కొంతకాలంగా అది రెండేసిసార్లు వెళ్తోంది. కారణం చూస్తే, మెసేజ్ పంపే లైన్ కిందే మళ్లీ అదే లైన్ ఉంది. ఒకటి తీసేస్తే చాలు. ఆ రెండో లైన్ ఎవరు పెట్టారో చూసే ఏర్పాటు కూడా ఉంది. నేను చూడలేదు, సాటివాళ్ల మీద గౌరవం కొద్దీ.

మా టీమ్ లీడ్ ప్రొద్దుటూరు అమ్మాయి. నాకంటే చాలా చిన్నది, నాకంటే చాలా పెద్ద పదవి, ఈ రెండూ కలిపి నన్ను అన్నా అంటుంది. రోజూ పొద్దున జరిగే మీటింగును నిలబడి జరపాలని నియమం కనుక, అందరం కూర్చుని జరుపుతాం. ఆ సోమవారం మీటింగులో ఆమె నా వైపు తిరిగింది.

"అన్నా, శనివారం పొద్దున మా చెల్లెలి నిశ్చితార్థం. శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలిలో నేను బస్సెక్కల్ల. ఈ లాండ్రీది నువ్వు ఇచ్చినాకనే నేను ఓకే కొట్టి కదిలేది. ఎప్పుడిస్తావ్?"

"ఒక్క లైనే గదమ్మా. ఫికర్ చెయ్యకు."

"ఫికర్ ఏంలే. ఊరికే చెప్తాండా. పెండ్లికూతురి చీర నా కాడ ఉండాది. జాకెట్టు కొండాపూర్‌లో కుట్టేదానికి ఇచ్చినా. నేను పోకుంటే చీర పోదు. చీర పోకుంటే మా యమ్మ ఈడికే వస్తాది, నీ సీటు కాడికి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మా పద్ధతిలో ఒకరు రాసిన మార్పును ఇంకొకరు చూసి ఓకే చెప్పాలి. ఓకే చెప్పాల్సిన మనిషి తానే రాసుకోకూడదు. అంటే ఒక పెళ్లికూతురి చీర హైదరాబాదు దాటాలంటే నేను ఒక లైన్ చెరపాలి. జీవితంలో నా మీద ఇంతకంటే తేలికైన బాధ్యత పడిన గుర్తు లేదు.

అప్పటికప్పుడు పాత ఎడిటర్లో ఆ లైన్ తీసేసి ఉంటే సోమవారం టీ వేళకు పని అయిపోయేది. కానీ కొత్త ఇంట్లోకి వెళ్తే మొదట పాలు పొంగిస్తాం కదా, కొత్త ఎడిటర్లో మొదటి శుభకార్యం ఇదే కావాలని నాకు తోచింది. పాలు పొంగించాలంటే ముందు ఇల్లు సర్దాలి. సర్దడం మొదలుపెట్టాను.

మొదట రంగు. కొత్త ఎడిటర్ తెరవగానే ఆపరేషన్ థియేటర్‌లా తెల్లగా ఉంది. పాతదానిలో వెనక రంగు ఒక రకమైన బూడిద, అక్షరాలు ఒక రకమైన పసుపు. ఏ రకమో చెప్పమంటే చెప్పలేను, చూస్తే గుర్తుపడతాను. పక్క సీటులో భీమవరం కుర్రాడు ఉంటాడు. కుర్రాడంటే పెళ్లయి ఇద్దరు పిల్లలున్నారు గానీ, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా వస్తే కళ్లలో ఆ వెలుగు ఉంటుంది. ఈ ఎడిటర్‌కు అతను ఏడాది కిందటే మారిపోయాడు, ఎవరూ చెప్పకుండానే. నన్ను చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"రంగులు బోల్డున్నాయండి. సముద్రం ఉంది, అడవి ఉంది, అర్ధరాత్రి ఉంది. మీకేం కావాలండి?"

"బూడిద."

"ఏ బూడిదండి? ఇక్కడ పద్నాలుగు బూడిదలున్నాయండి."

"పాత బూడిద."

అతను నా వైపు జాలిగా చూశాడు. ఇద్దరం కలిసి పద్నాలుగూ చూశాం. తొమ్మిదోది బాగుందనిపించింది. పద్నాలుగోది చూశాక తొమ్మిదోది నచ్చలేదు. సాయంత్రానికి నాకు పాత బూడిద ఎలా ఉండేదో కూడా అనుమానం వచ్చింది. పాత ఎడిటర్ తెరిచి చూసుకున్నాను. అది కాస్త ఆకుపచ్చగా ఉంది. ఇన్నేళ్లూ దాన్ని బూడిద అనుకుంటూ వచ్చాను.

మంగళవారం మీటింగులో ఏం చేశావని అడిగితే "ఎన్విరాన్‌మెంట్ సెటప్" అన్నాను. ఐటీలో అడుగుపెట్టిన నాటి నుంచీ నాకు అండగా నిలిచిన మాట అది. దానిలో ఎంత పనైనా పడుతుంది, ఏ పనీ లేకపోయినా నిండుగానే కనిపిస్తుంది. లీడ్ తల ఊపి తరువాతి మనిషి వైపు తిరిగింది.

ఆ సాయంత్రం నల్లగండ్లలో మా ఇంట్లో భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ కూరగాయల సంచీ బల్ల మీద దించుతూ తెరలోకి తొంగి చూసింది.

"ఏందది?"

"రంగు చూస్తున్న. అక్షరాలకు."

"ఇల్లు కొన్ననాడు గోడలకు ఏం రంగెయ్యాల్నో చెప్పు, పెయింటరు నిలబడ్డడు అంటే, నీ ఇష్టం అన్నవ్. గిప్పుడు అక్షరాలకు ఏరుకుంటున్నవా?"

"గోడల దిక్కు నేను పొద్దంతా చూడను గదా."

"నా దిక్కు చూస్తవా?"

చర్చ సహజంగా అక్కడ ముగిసింది. నేను బెండకాయలు కోశాను.

బుధవారం రంగు కుదిరింది, లేదా ఓపిక అయిపోయింది. అక్షరాల రూపం దగ్గరికి వచ్చాను. ఆ కబుర్లు చెప్పను, అక్షరాల రూపం గురించి మాట్లాడే మనిషిని నేనే భరించలేను. సున్నాకు మధ్యలో చుక్క ఉండాలా, గీత ఉండాలా అని నేనూ భీమవరం కుర్రాడూ భోజనానికి వెళ్తూ మాట్లాడుకుని, భోజనం చేస్తూ మాట్లాడుకుని, వస్తూ ఎడమొహం పెడమొహంగా వచ్చామని మాత్రం చెబుతాను. ఆ సంగతి మర్చిపోవడానికేమో, అతను మధ్యాహ్నం నాకొక కుక్కను ఇచ్చాడు.

నిజం కుక్క కాదు. ఎడిటర్లో అడుగున ఒక మూల తిరిగే బొమ్మ కుక్క. మనం టైప్ చేస్తున్నంతసేపూ అటూ ఇటూ నడుస్తుంది. ఆపేస్తే కాసేపు మన వైపు చూసి, ముడుచుకుని పడుకుంటుంది.

"దీనివల్ల లాభమేంటి?" అన్నాను.

"లాభమేముందండి, కుక్కండి," అన్నాడు.

నాకు ఆ జవాబు నచ్చింది. దాన్ని ఉంచుకున్నాను. తెల్లది ఇచ్చాడు, గోధుమరంగుది కావాలన్నాను. అదీ దొరికింది.

లీడ్ సీటు నా వెనక వరుసలో. మంచినీళ్లకు వెళ్తూ ఆమె నా తెర ముందు ఆగింది. ఆ సమయానికి కుక్క గాఢనిద్రలో ఉంది.

"ఏందన్నా ఇది, కుక్క పండుకోనుండాదే?"

"నేను టైప్ చేస్తే నడుస్తది."

ఆమె కుక్కను చూసింది, నన్ను చూసింది, నీళ్లకు వెళ్లిపోయింది. అయితే ఆ క్షణం నుంచి ఆమెకు నన్ను అడగాల్సిన అవసరం తప్పిపోయింది. నీళ్లకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి కుక్క వైపు చూసేది. అది నడుస్తూ ఉంటే ఆమె మొహంలో కాస్త నెమ్మది కనిపించేది. ఆమె చెప్పుల చప్పుడు గుర్తుపట్టడం నాకు త్వరలోనే అలవాటైంది. ఆ చప్పుడు వినగానే ఏవో నాలుగు కీలు నొక్కేవాణ్ని. కుక్క లేచి నడిచేది. ఆమె సంతోషంగా వెళ్లిపోయేది. ఎవరికీ నష్టం లేని ఏర్పాటు.

గురువారం మాత్రం కుక్క నిజంగానే నడిచింది, ఎవరికోసమూ కాదు. ఆరోజు నేను సెట్టింగులు రాశాను. ఈ ఎడిటర్ ఎలా ప్రవర్తించాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది, దానిలో ఒక్కో కోరికా ఒక్కో లైన్. రాయడం, నచ్చక చెరపడం, మళ్లీ రాయడం. అసలు చిక్కు అక్కడ మొదలైంది. పాతదానిలో కంట్రోల్ పట్టుకుని డి నొక్కితే మనమున్న లైన్ మాయమవుతుంది, కె నొక్కితే అదే లైన్ కింద ఇంకోసారి పుడుతుంది. కొత్తదానిలో సరిగ్గా తలకిందులు. డి నొక్కితే పుడుతుంది, కె నొక్కితే పోతుంది. ఎవరు నిర్ణయించారో, ఆరోజు ఇంట్లో ఏం గొడవైందో.

పొద్దున నేను చెరిపిన ప్రతి లైనూ రెండైంది. వద్దనుకున్న కోరికలు కవలలై కూర్చున్నాయి. మధ్యాహ్నానికి వేళ్లను అదిలించాను, బతిమాలాను, డి మీద ఒక చిన్న కాగితం ముక్క అంటించాను. సాయంత్రానికి అవి దారికొచ్చాయి. చెరపాలంటే కె. కళ్లు మూసుకుని కూడా కె. ఈ వయసులో వేళ్లు మాట విన్నాయంటే నాకే ముచ్చటేసింది, కాగితం ముక్క పీకేశాను.

వెళ్తూ వెళ్తూ లీడ్ నా సీటు దగ్గర ఆగింది. చేతిలో దర్జీ దుకాణం కవరు.

"జాకెట్టు వచ్చేసిందన్నా. వాడు రెండుసార్లు కాదు గదా, ఒక్కసారి కూడా ఫోన్ చేయల్య. నేనే పోయి కొట్లాడి తెచ్చుకుంటి. మన లాండ్రీది?"

"అయినట్టే అమ్మా. రేపు పొద్దుగాల."

"కుక్క ఈపొద్దంతా నడుస్తానే ఉండింది, చూసినా. అయిపోయిందేమో అనుకుంటి."

నేను నవ్వాను. ఆ నవ్వుకు ఏ అర్థమైనా తీసుకోవచ్చు.

శుక్రవారం ఉదయం ఇల్లు సర్దడం పూర్తయినట్టే అనిపించింది. ఒక్క కీల సంగతే మనసులో ముల్లులా ఉంది. రేపెప్పుడైనా వేళ్లు మళ్లీ పాతదారి పడితే? మాట వరసకు భీమవరం కుర్రాణ్ని అడిగాను, పాత కీలు పాతలాగే ఉంచే మార్గం ఏదైనా ఉందా అని.

"ఉందండి. ఒక్క క్లిక్కండి. మొత్తం పాత ఎడిటర్ కీలన్నీ వచ్చేస్తాయండి."

"సోమవారమే చెప్పొచ్చు గదా?"

"మీరు బూడిద అడిగారండి. కీలు అడగలేదు కదండీ."

క్లిక్ చేశాను. మధ్యాహ్నం వరకూ ఒక్కో కీ నొక్కి సరిచూసుకున్నాను. ఒక్కటి కూడా తప్పలేదు. పాత రంగు, పాత అక్షరాలు, పాత కీలు. పాత ఎడిటర్‌ను పక్కన తెరిచి పోల్చి చూశాను. కుక్క తప్ప తేడా లేదు. వారం రోజుల శ్రమ ఫలించి, నేను ఎక్కడి నుంచి బయల్దేరానో సరిగ్గా అక్కడికి చేరుకున్నాను.

ఆ ఆనందంలో టీ తాగి, ఇంకో ఇద్దరికి తెర చూపించి వచ్చేసరికి సాయంత్రమైంది. లీడ్ బ్యాగు సర్దుకుని వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. ఒక చేతిలో సూట్‌కేస్, ఇంకో భుజానికి చీర ఉన్న సంచీ. ఫోన్ చెవికి ఆనించి కారు డ్రైవరుతో మాట్లాడుతోంది. ఆయన గొంతు నాకూ వినపడుతోంది.

"మేడం, నేను గేటు కాడ ఉన్న. సెక్యూరిటీ ఆయన ఉండనిస్తలేడు, జర జల్దీ రాండ్రి."

"వస్తాండానన్నా, ఐదే నిమిషాలు." ఫోన్ దించి నాతో అంది, "చెయ్యన్నా బిన్నె. గచ్చిబౌలి కాడ ట్రాఫిక్ ఎట్లుంటాదో నీకు తెల్దా? ఇప్పుడు కదిలితేనే బస్సు దొరికేది."

ముహూర్తం వచ్చింది. లాండ్రీ ఫైలు తెరిచాను. రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి, నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. రెండోదాని మీద నిలిచి, కంట్రోల్ పట్టుకుని, తెర వైపు చూడకుండా ఆమె వైపు చూస్తూ, కాస్త ధీమాగా కె నొక్కి సేవ్ చేసి పంపేశాను. కుక్క లేచి రెండడుగులు వేసింది.

పరీక్షకు వెళ్లే మెసేజ్‌లన్నీ లీడ్ ఫోన్‌కే వస్తాయి. ఒకటి వస్తే పని అయినట్టు. ముగ్గురం ఆ ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాం, భీమవరం కుర్రాడు కూడా.

ఫోన్ మోగింది. మీ బట్టలు సిద్ధంగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి. ఆమె నవ్వింది. వారంలో మొదటిసారి ఆమె నవ్వడం చూశాను. సూట్‌కేస్ పిడి పైకి లాగింది.

ఫోన్ మళ్లీ మోగింది. మీ బట్టలు సిద్ధంగా ఉన్నాయి. నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది.

ఫోన్ మూడోసారి మోగింది.

"మూడా?" అంది ఆమె.

నేను తెర వైపు చూశాను. మూడు లైన్లు ఉన్నాయి. జరిగింది నాకు అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. గురువారం ఒక్కరోజులో నా వేళ్లు కొత్తదానికి అలవాటు పడ్డాయి. సరిగ్గా అదే సమయానికి నేను కొత్తదాన్ని పాతదానిలా మార్చేశాను. ఒకరి కోసం ఒకరం మారిపోయి, దారిలో ఎక్కడో ఒకరినొకరు దాటిపోయాం.

"అలా ఎలా జరిగిందండి?" అన్నాడు భీమవరం కుర్రాడు, నిజంగానే ఆసక్తిగా.

"అది ఏమైందంటే..." అని మొదలుపెట్టి చెయ్యి కీబోర్డు మీద పెట్టాను. డి అనుకున్నాను. వేలు కె వైపు కదిలింది. రెంటికీ మధ్య గాల్లో ఆగింది.

"చెయ్యి తియ్యన్నా," అంది లీడ్.

తీశాను. "లెయ్." లేచాను. ఆమె చీర సంచీ భుజాన ఉంచుకునే నా కుర్చీలో కూర్చుంది. మౌస్‌తో రెండు లైన్లను ఎంచుకుని కీబోర్డు మీద ఒక కీ నొక్కింది. ఆ కీ అక్కడ మొదటి నుంచీ ఉంది. దాని మీద డిలీట్ అని రాసి కూడా ఉంది. నా పేరు మీదే సేవ్ చేసింది, నా పేరు మీదే పంపింది. ఫోన్ ఒకసారి మోగింది. ముగ్గురం ఎదురుచూశాం. మళ్లీ మోగలేదు. ఆమె లేచి తన సీటు దగ్గరికి వెళ్లి, తన లాప్‌టాప్ తెరిచి, నేను చక్కగా చేసిన మార్పును పరిశీలించి, ఓకే కొట్టింది. నియమం ఎక్కడా తప్పలేదు. ఆ లాండ్రీ సమస్యను పరిష్కరించింది నేనేనని ఈరోజుకూ రికార్డుల్లో ఉంది.

తిరిగి వస్తూ నా తెర ముందు మళ్లీ ఆగింది. ఏ రోజూ అడగని ప్రశ్న అప్పుడడిగింది.

"మల్ల నిన్నంతా కుక్క ఎందుకు నడిచిందన్నా?"

"సెట్టింగులు రాస్తుండె."

"దేనికి?"

"పాతదాని లెక్క కనపడాలె అని."

డ్రైవరు మళ్లీ ఫోన్ చేశాడు. నేను సూట్‌కేస్ అందుకుని ముందు నడిచాను, ఆ పూట చేయగలిగిన ఉపకారం అదొక్కటే. లిఫ్టుల దగ్గర తెర మీద గ్రౌండ్ నొక్కితే, అదృష్టం, ఎదురుగా ఉన్న లిఫ్టే తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్లింది. సూట్‌కేస్ లోపలికి తోశాను. "బస్సు అందుతది, ఫికర్ చెయ్యకు," అంటూ, ఇంకో మంచిమాటేదైనా చెబుదామని, తలుపులు కాసేపు ఆపడానికి చెయ్యి లోపలి గోడ మీద బటన్ల కోసం చాచాను. నున్నటి స్టీలు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని జుట్టు సర్దుకున్నాను.

తలుపులు దగ్గరపడుతున్నాయి. ఆమె చీర సంచీని గుండెలకు హత్తుకుని, ఆ సందులోంచి నన్ను చూస్తూ అంది:

"వారమంతా కూచోని నువ్వు రాసింది ఒకే ఒక్క లైనన్నా. అది గూడా నేనే కొట్టేసినా."